నల్లరాయి గుడి కమాను

నారాయణఖేడ్‌లో మిషన్ వాడ నడుమ నల్లరాయితో కట్టిన ప్రార్థన మందిరం ఒకటి ఉంది. సముద్రాలు దాటి వచ్చిన ప్రెస్బిటేరియన్ దొరలు నిజాం కాలంలో కట్టించింది. ఆ పేరు ఎవరికీ నోరు తిరగక, ఊరంతా దాన్ని నల్లరాయి గుడి అనేవాళ్లు. రెండు మూరల మందం గోడలు. పక్కకు ఐదు కిటికీలు, ఒక్కో కిటికీ పైన జోడించిన చేతుల్లా కొనదేలిన చిన్న కమాను, దాని చుట్టూ ఎర్రరాయి అంచు. లోపల బొమ్మ ఉండదు, విగ్రహం ఉండదు. పొడుగాటి హాలు, హాలు చివర ఇంటి ఎత్తున పెద్ద కమాను, దాని కింద వాక్యం చదివే చెక్క పీఠం, అంతే. ఆ పీఠం దగ్గర నిలబడి మామూలు గొంతుతో మాట్లాడినా, వాకిట్లో చెప్పులు విడిచేవాళ్లకు ప్రతి మాటా వినబడేది.

తొంభై మూడులో లాతూర్ దిక్కు భూమి కదిలిన నాడు ఖేడ్‌లో కూడా గూట్లో గిన్నెలు కింద పడ్డాయి. నాలుగు రోజులు జనం వాకిళ్లలోనే పడుకున్నారు. మిషన్ వాడ ఇళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. కానీ ఆదివారం గుడి తలుపులు తీసేసరికి, పెద్ద కమాను నడినెత్తిన మూడు రాళ్లు రెండు వేళ్లంత కిందికి జారి ఉన్నాయి. వాటి పైన గోడ నిలువునా పగిలి, ఆ పగులులోంచి వెలుతురు కనబడుతోంది.

సంఘ పెద్దలు ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన కింది నుంచే చూసి, కమాను మొత్తం కూల్చి సిమెంటు దూలం వేయమన్నాడు. పెద్దల్లో ఒకడైన ప్రభుదాసుకు అదే సరైందనిపించింది. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరూ పాడే పిల్లలతో పాటు పాటల బల్ల మీద, సరిగ్గా ఆ కమాను కిందే కూర్చుంటారు.

"రేపు ఒక్క రాయి జారి పడితె ఎవరు జవాబు చెప్తరు సార్? పాతదని పానం మీదికి తెచ్చుకుందామా?" అన్నాడు.

ఆ మాట అన్నది దేవదానం సారుతో. బడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన మనిషి, పెద్దల్లో పెద్ద. ఆయన ప్రభుదాసు మాటను కొట్టిపారేయలేదు. ఆ రోజే పాటల బల్లను తలుపు దగ్గరికి జరిపించాడు. "నాకొక్క నెల ఇయ్యి ప్రభుదాసూ. కమాను ఎరిగిన మనిషితోని ఒక్కసారి చూపిస్త. గాయన కూడ కూల్చమంటె నేనే గడ్డపార పట్టుకుంట," అన్నాడు.

కమాను ఎరిగిన మనిషి కిష్టప్ప. చుట్టూ మనూర్, కంగ్టి, నాగల్‌గిద్ద ఊళ్లలో పాత గడీల గుమ్మాలు ఒరిగినా, బావి గట్టు కమాను కూలినా అతన్నే పిలిచేవాళ్లు. గానుగలో తిప్పిన డంగు సున్నంతో పని చేసిన మేస్త్రీల్లో ఖేడ్‌లో మిగిలింది అతనొక్కడే. అయితే రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా ముద్దగా వస్తుంది. అప్పటి నుంచి మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకుంటున్నాడు. భార్య ఇంద్రమ్మ ఇరవై ఐదేళ్లు అతని వెనకే సున్నం తట్ట మోసింది. ఇప్పుడు వేరే వాళ్ల దగ్గర సిమెంటు తట్ట మోస్తోంది.

దేవదానం సారు వచ్చి చెప్పిందంతా కిష్టప్ప వెనక్కి తిరగకుండానే విన్నాడు.

"నా చెయ్యి సచ్చింది సారూ. సచ్చిన చెయ్యితోని ఏం చెప్పాలె? కూలగొట్టుండ్రి."

సారు చాయ తాగి లేచాడు. ఇంద్రమ్మ వాకిలి దాకా వచ్చి మెల్లగా అంది, "రేపు పొద్దుగాల నేను తోలుకొస్త. తలుపులు తీసిపెట్టు సారూ."

తెల్లారి ఆమె రిక్షా తెచ్చి వాకిట్లో నిలబెట్టింది. కిష్టప్ప రానన్నాడు.

"నిన్ను రాయి ఎత్తమన్ననా? చూసొద్దాం, లే. రెండేండ్లాయె గీ గోడనే చూడబట్టి. గీ గోడ నువ్వు కట్టింది కూడ కాదు," అని రెక్క కింద చెయ్యి వేసి లేపింది.

గుడిలో కిష్టప్పకు మెడ ఎత్తి చూడటం చేత కాలేదు. "పండుకోబెట్టు," అన్నాడు. ఇంద్రమ్మ కొంగు పరిచి బండల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కమాను కింద పడుకుని అతను చాలాసేపు పైకి చూశాడు. ప్రభుదాసు గడియారం చూసుకుంటున్నాడు. సారు కిటికీ దగ్గర నిలబడ్డాడు. చివరికి కిష్టప్ప ఎడమ చెయ్యి ఎత్తి వేలితో గాలిలో కమాను ఒంపును గీశాడు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా.

"ఎవ్వడు కట్టిండో గని మొగోడు," అన్నాడు. "రాళ్లు పగుల్లే సారూ. ఒక్కటి కూడ పగుల్లే. పైన పెంకలు జరిగి ఏండ్ల సంది నీళ్లు దిగినయి. సున్నం కడుక్కపోయింది. భూమి కదిలితె జారకేం జేస్తయి? మీది రాళ్లు దించి, మంచి సున్నంల మల్ల కూసోబెడితె ఇంకో నూరేండ్లు నిలుస్తది."

రెండేళ్లలో అతను అన్ని మాటలు కలిపి మాట్లాడటం ఇంద్రమ్మ వినలేదు.

"బాగనే ఉన్నది. ఎక్కి పెట్టేదెవరు?" అన్నాడు ప్రభుదాసు.

కిష్టప్ప కళ్లు మూసుకున్నాడు. ఇంద్రమ్మ కొంగు అతని కింద ఉంది కాబట్టి లేవలేక, అక్కడే కూర్చుని అంది, "నేను ఎక్కుత."

"నీకేమెరుక?" కిష్టప్ప కళ్లు తెరిచి గద్దించాడు. "తట్ట మోసుడు, రాయి పెట్టుడు ఒక్కటేనా?"

"సున్నం పదిహేను దినాలు నానాలె. ఇసుక కలిపి గానుగల తిప్పాలె. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పొయ్యాలె. తాపీకి ఎత్తి బోర్లిస్తె జారొద్దు. జారితె ఇంకా తిప్పాలె. కమాను రెండు దిక్కుల కెల్లి ఒక్క తీరుగ ఎక్కాలె, ఒక దిక్కు బరువైతె కింద పెట్టిన చెక్క చట్రం ఒరుగుతది. నడిమి రాయి ఆఖరికి." ఆమె అతని వైపు వంగింది. "ఇంకేమన్న ఉంటె కిందికెల్లి నువ్వు చెప్పు."

సారు ప్రభుదాసు వైపు చూశాడు. ప్రభుదాసు జారిన రాళ్ల వైపు చూసి, "చట్రం గట్టిగ ఉండాలె. పని అయ్యేదాక పిల్లలెవ్వరు లోపలికి రావొద్దు," అన్నాడు. అది ఒప్పుకోవడమే.

వడ్రంగం చేసే వడ్ల భూమన్న కమాను ఒంపుకు సరిపోయే చెక్క చట్రం చేశాడు. గుంజలు నిలబెట్టి, వాటి కింద చెక్క ముక్కలు దిగ్గొట్టి, చట్రాన్ని కమాను కడుపుకు ఆనించాడు. పరంజ కట్టారు. ఇంద్రమ్మ చీర గోచీ పోసుకుని ఎక్కింది. ముందు పైన ఉన్న గోడ దించాలి, తర్వాత కమాను రాళ్లు. పదిహేడు రాళ్లు దించాలని కిష్టప్ప లెక్క. ఏ రాయి ఎక్కడిదో అక్కడే మళ్లీ కూర్చోవాలి. రాళ్ల మీద అంకెలు వేస్తానని సారు అన్నాడు.

"అంకెలు నాకు రావు సారూ," అని ఇంద్రమ్మ ఇంటి నుంచి ఎర్ర జాజు, సున్నం తెచ్చుకుంది. ఎడమ దిక్కు రాళ్ల మీద తెల్ల చుక్కలు, కుడి దిక్కు వాటి మీద ఎర్ర చుక్కలు పెట్టింది, ముగ్గుకు పెట్టినట్టు, కింది నుంచి పైకి ఒకటి, రెండు, మూడు. నడిమి రాయికి రెండు రంగులూ పెట్టింది. దించిన రాళ్లను హాలులో అదే ఒంపున నేల మీద పరిచారు. కిష్టప్ప ముక్కాలి పీట మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండేవాడు.

సున్నం సిద్ధమయ్యాక అసలు పని మొదలైంది. మొదటి నాడు ఎడమ దిక్కు ఒక రాయి కూర్చోబెట్టి, ఇంద్రమ్మ దాని మీద సుత్తితో మెల్లగా కొట్టింది. కింద కిష్టప్ప కళ్లు మూసుకుని విన్నాడు.

"బోలు మోగుతుంది. తియ్యి."

తీసి మళ్లీ పెట్టింది.

"సున్నం మందమైంది. తియ్యి."

మూడోసారి పెట్టింది. చేతులు సున్నానికి పొక్కి మండుతున్నాయి. మోచేతి దాకా తెల్లగా అయిపోయింది. కింది నుంచి మళ్లీ వినబడింది, "తియ్యి. నీ చేతులకు రొట్టెలు కొట్టుడే తెలుసు."

భూమన్న తల వంచుకుని చెక్క చెక్కుతున్నట్టు నటించాడు. ఇంద్రమ్మ తాపీని పరంజ మీద పెట్టి దిగింది. కిష్టప్ప ముందు నిలబడింది.

"ఇరువై అయిదేండ్లు నీ ఎనుక తట్ట మోసిన. ఒక్కనాడన్న తాపీ పట్టుమన్నవా? పక్కకు నిలబడి చూస్తె 'ఏం చూస్తవే, తట్ట తే' అన్నవు. చూసిందే ఇప్పుడు పెడుతున్న. నువ్వు నేర్పింది కాదు. ఇగ నువ్వే పెట్టుకో."

అంత మాట ఆమె పెళ్లయినప్పటి నుంచి అనలేదు. చేతులైనా కడుక్కోకుండా హాలు దాటి, తలుపు దాటి, వాకిట్లోకి వెళ్లిపోయింది. అక్కడి చింతచెట్టు కింద కూర్చుంది. ఏడవలేదు. పొక్కిన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండిపోయింది. తట్ట మోసినప్పుడు నెత్తి నొచ్చేది గానీ, మనసుకు ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు. తట్టను ఎవరూ తప్పు పట్టరు. ఆమెకు భయంగా కూడా ఉంది. నిజంగానే తనకు రాదేమో. నలుగురి ముందు ఎక్కుతానని అనేసింది.

లోపల కిష్టప్ప గోడ పట్టుకుని లేవబోయాడు. భూమన్న వచ్చి పట్టుకుంటుంటే వద్దని తల ఊపాడు. నాలుగడుగులు ఈడ్చుకుంటూ వేసి, చెక్క పీఠం పట్టుకుని నిలబడ్డాడు. అంతకంటే ముందుకు పోలేకపోయాడు.

అతను భార్యను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఏమే అనేవాడు, ఇగో అనేవాడు. పని కాడ తట్ట అనేవాడు.

"ఇంద్రా," అన్నాడు.

ముద్దగా, వణుకుతూ వచ్చిన గొంతు. గట్టిగా అరిచింది కూడా కాదు. అయినా ఆ నల్లరాతి గోడలు దాన్ని నేల మీద పడనివ్వలేదు. హాలు పొడుగునా మోసుకుపోయి వాకిట్లో దించాయి.

"ఇంద్రా... బారే." వాళ్లది నాగల్‌గిద్ద దిక్కు సంబంధం. ఇంట్లో సగం కన్నడం. రావే అని పిలిచాడు.

ఇంద్రమ్మ తల ఎత్తింది. మొదట తనను కాదనుకుంది. మూడోసారి పిలుపు వినబడ్డాక లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది. కిష్టప్ప పీఠం పట్టుకుని వణుకుతూ నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లి అతని నడుం పట్టుకుంది.

"నువ్వు చూసి నేర్చినవని నాకు ఎరుకనే," అన్నాడతను ఎటో చూస్తూ. "నేను పెట్టాల్సిన రాయి నువ్వు పెడుతుంటె... ఓర్వలేదు. చెయ్యి పోయిన కాడ నుంచి ఏదీ ఓర్వలేదు." పరంజ మీది రాయి వైపు చూసి అన్నాడు, "గా రాయి తప్పు నీది కాదు. మూలకు గార పేరుకున్నది. జెర గీకి పెట్టు. కూసుంటది."

ఆమె అతన్ని పీట మీద కూర్చోబెట్టింది. నీళ్ల తొట్టిలో చేతులు కడుక్కుంది. పరంజ ఎక్కబోతుంటే అతను ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశాడు. పొక్కులు చూసి, "భూమన్నా, జెర కొబ్బరినూనె దొరుకుతదా?" అన్నాడు.

నూనె రాసుకుని ఎక్కింది. రాయి మూలలో పాత గార నిజంగానే గట్టిగా పేరుకుని ఉంది. గీకి, పలచగా సున్నం పరిచి, రాయి కూర్చోబెట్టి సుత్తితో కొట్టింది. గంట మీద కొట్టినట్టు ఖంగుమంది. కింద కిష్టప్ప ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అతని మెచ్చుకోలు అని ఆమెకు తెలుసు. ఇంకో తాపీ సున్నం ఎత్తుకుంది.

పదకొండో రోజున నడిమి రాయి కూర్చుంది. తర్వాత పైగోడ కట్టారు, పెంకలు సర్దారు. సున్నం ఆరకుండా నలభై రోజులు తడపాలన్నాడు కిష్టప్ప. ఇంద్రమ్మ రోజూ కూలికి పోయే ముందు వచ్చి గోనె పట్టాలు తడిపిపోయేది. కొన్నాళ్లకు కిష్టప్ప కట్టె పట్టుకుని తనూ వెంట రావడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి మిషన్ వాడకు మామూలు మనిషికి పది నిమిషాల నడక. వాళ్లకు ముప్పావు గంట పట్టేది. దారిలో మూడు చోట్ల ఆగి కూర్చునేవాళ్లు. ఆగిన చోటల్లా అతను ఎదుటి ఇంటి గోడను చూసి దాని తప్పులు చెప్పేవాడు. ఆమె వినేది, కొన్నిసార్లు కాదనేది కూడా.

చట్రం తీసే రోజు వాడ జనమంతా వచ్చారు. అందరినీ వాకిట్లోనే ఆపాడు ప్రభుదాసు. భూమన్న సుత్తి తీసుకుని గుంజల కింది చెక్క ముక్కలు వదులు చేయడానికి వంగాడు. ఇంద్రమ్మ నడిచివచ్చి సరిగ్గా కమాను కింద నిలబడింది.

"నువ్వేంది, జరుగు," అన్నాడు ప్రభుదాసు కంగారుగా.

"కమాను కట్టినోళ్లే కింద నిలబడాలె. గది మా పనిల పద్ధతి. పడితె మా మీదనే పడాలె. ఇన్నేండ్లు ఆయన నిలబడ్డడు, నేను బయట కెల్లి చూసి చచ్చిన. ఇయ్యాల నా వంతు."

సారు కిష్టప్ప వైపు చూశాడు. కిష్టప్ప కట్టె టకటకలాడిస్తూ లేచాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "కొట్టు భూమన్నా. రెండు దిక్కుల ఒక్క తీరుగ. జల్దీ చెయ్యకు."

భూమన్న ఇటు ఒక దెబ్బ, అటు ఒక దెబ్బ కొట్టాడు. చెక్క ముక్కలు కొంచెం కొంచెంగా బయటికి వచ్చాయి. చట్రం గోరంత కిందికి దిగింది. పైన ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడైంది. ఇంద్రమ్మ పక్కకు చూసింది. కిష్టప్ప కళ్లు మూసుకుని ఉన్నాడు, పని చేసినన్నాళ్లూ కింద కూర్చుని విన్నట్టే. అతని ఎడమ చెయ్యి ఆమె భుజం మీదికి వచ్చింది.

"కమాను కూసుంటుంది," అన్నాడు మెల్లగా. "భయపడకు. బరువు ఎత్తుకుంటుంది."

భూమన్న చివరి ముక్క తీశాడు. చట్రానికీ రాళ్లకూ మధ్య బెత్తెడు సందు వచ్చింది. ఆ సందులోంచి అవతలి కిటికీ కనబడింది. కమాను అలాగే నిలబడి ఉంది. దేవదానం సారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ఇంద్రమ్మ మెడ వెనక్కి వంచి కమానునే చూస్తూ ఒరిగిపోతుంటే, సగం ఒళ్లు చచ్చిన మనిషి ఆమెను పట్టుకున్నాడు. ఇద్దరూ ఒరిగి, పీఠానికి ఆనుకుని నవ్వారు.

ఈస్టర్ ఆదివారం నాడు పాటల బల్లను మళ్లీ కమాను కిందికి తెచ్చారు. ఒక కొస సారు పట్టుకుంటే, ఇంకో కొస ప్రభుదాసే పట్టుకున్నాడు. అతని కూతుళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు. ఇంద్రమ్మ, కిష్టప్ప చివరి వరసలో తలుపు దగ్గర కూర్చున్నారు. పాట ఏమిటో వాళ్లకు తెలియదు. కానీ పిల్లల గొంతులు మొదలవగానే కిష్టప్ప మొగుడిగా కాక మేస్త్రిగా ఆమె చెవి దగ్గర వంగి అన్నాడు, "విన్నవా? గొంతు ఎక్కడ చెదరలే."

ఆమె వింది. దేవుడు లేని గుడి ఏమిటని మొదట్లో ఆమె సారును అడిగింది. మా దేవుడు మాటలో ఉంటాడు ఇంద్రమ్మా, అందుకే మాట బాగా వినబడేట్టు కట్టుకున్నాం అని ఆయన చెప్పాడు. ఆనాడు ఆమెకు అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అయింది. అర్థమైనంత వరకు చాలనిపించింది.

ఆ ఎండాకాలం మనూర్ నుంచి ఇద్దరు రైతులు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల ఊరి పాత బావిలో మోట కమాను ఒక పక్క కుంగిందట. గడప మీద కిష్టప్ప ఎడమ చేత్తో చాటలో కందులు ఏరుతూ కూర్చున్నాడు.

"మేస్త్రి ఉన్నడా?" అని అడిగారు.

"ఉన్నది," అన్నాడు కిష్టప్ప చాటను పక్కన పెడుతూ. "లోపట రొట్టెలు చేస్తుంది. కూసోండ్రి, వస్తది."

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని అరుగు మీద కూర్చున్నారు. కిష్టప్ప బావి ఎంత లోతు, రాయి నల్లదా ఎర్రదా అని అడగసాగాడు. లోపల రొట్టె చరుస్తున్న చప్పుడు ఆగింది. ఇంద్రమ్మ చేతులకు అంటిన పిండి దులుపుకుంటూ బయటికి వచ్చింది.